నడిమి సాలు

మా స్టాఫ్‌రూములో బల్ల మీద వేరుశనగ బుడ్డలు కనిపిస్తే ఎవరూ చెయ్యి పెట్టరు. ఈ సంగతి కొత్తగా చేరిన నాకు ఎవరూ చెప్పలేదు. పాత పేపరు పరిచి దాని మీద పదకొండు కాయలు దూరదూరంగా పెట్టి ఉంటే, ఎవరో తిని మిగిల్చారనుకుని ముందు వరసలో మధ్యది తీసి ఒలుచుకుని తిన్నాను. అప్పుడే లోపలికొచ్చిన ఉరుకుందు సారు పేపరు వైపు చూశాడు, నా నోటి వైపు చూశాడు. "మా సెంటర్ ఫార్వర్డును తినేస్తిరి మేడం" అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను, లేదు. జేబులోంచి ఇంకో కాయ తీసి ఖాళీ అయిన చోట పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించుకుని ఆలోచనలో పడ్డాడు.

ఆయన మా హైస్కూలు పీఈటీ. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రెండు పక్కలా పత్తి చేలున్న ఊళ్ళో మా బడి. నేను ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇంట పుట్టినదాన్ని, పేరు సునంద, తెలుగు చెబుతాను. ఆటలంటే నాకు పెద్దగా గిట్టదు. మగ్గం గుంట పక్కన పెరిగాను, మా ఇంట్లో పరిగెత్తేంత చోటెక్కడిది. కానీ ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే వెంట ఒక ఆడ టీచరు ఉండాలట. మిగతా ఇద్దరు మేడములకూ ఒకే రోజు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. అలా హాకీ కర్రను ఏ వైపు పట్టుకోవాలో తెలియని నేను హాకీ జట్టుకు మేనేజరునయ్యాను.

ఉరుకుందు సారుకు నలభై రెండేళ్ళు. హొళగుంద పక్క పల్లె. ఇప్పటికీ కోపం వస్తే కన్నడంలోకి పోతాడు, సంతోషం వస్తే అసలు మాట్లాడడు. మెడలో నల్లదారానికి ఈల. ఉన్నది ఒకే ట్రాకు ప్యాంటు అని పిల్లలు పందెం కాసుకుంటారు. రోజూ పొద్దున ఆరింటికల్లా ఆదోని నుంచి మోపెడు మీద వచ్చి, గ్రౌండులో గరుసు రాళ్ళు ఏరుతూ ఉంటాడు. ఇరవై ఏళ్ళుగా ఏరుతున్నాడు, ఆ రాళ్ళు అయిపోవు, ఆయనా మానడు.

చిన్నతనంలో ఆయన సుగ్గికి పోయిన మనిషి. ఈ పక్క పల్లెల్లో వాన తప్పిన ఏడాదే కాదు, పడిన ఏడాది కూడా దీపావళి వెళ్ళగానే సగం ఊరు లారీలెక్కి గుంటూరు వైపు పోతుంది. ముందు పత్తి, ఆ తర్వాత మిరప. మళ్ళీ ఉగాదికి గాని తలుపులు తెరుచుకోవు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. ఆయన తల్లి ఒక కూలీల గుంపుకు పెద్ద. ఎనిమిదో ఏట నుంచి మూడేళ్ళు ఆమె వెంట పోయాడు. నాలుగో ఏడు ఆదోనిలో హాస్టల్లో చేర్పిస్తే, అక్కడ ఎవరో పారేసిన హాకీ కర్రకు తాడు చుట్టుకుని ఆడడం మొదలుపెట్టాడు. ఆ కర్రే తనకు ఉద్యోగం ఇచ్చిందని ఆయన నమ్మకం.

జట్టును నిలబెట్టడం కూడా ఆయన చేను నుంచే నేర్చుకున్నాడు. పత్తి తీసేటప్పుడు ఒక్కొక్కరు ఒక సాలు పడతారు. కొత్తగా వచ్చినవాళ్ళనో, చిన్నపిల్లలనో ఇద్దరు చురుకైన ఆడవాళ్ళ నడుమ పెడతారు. నడిమి సాలులో ఉన్న బిడ్డ వెనకబడితే, ఆ పక్కావిడ ఒక చెయ్యి, ఈ పక్కావిడ ఒక చెయ్యి వేసి ఆమె సాలు కూడా తీసుకుంటూ పోతారు. గుంపంతా ఒక్కసారే గట్టు చేరాలి. ఒకరిని వెనక వదిలిపెట్టి పోవడం వాళ్ళలో లేదు. ఉరుకుందు సారు హాకీలో ముందు ఆడే ముగ్గురినీ 'సాలు' అనే అంటాడు. మా పిల్లలకు ఫార్వర్డు లైను అంటే తెలియదు గాని సాలు అంటే క్షణంలో అర్థమవుతుంది. ఆదివారాలు వాళ్ళంతా చేలల్లోనే ఉంటారు కదా.

నేను చెప్పబోయేది సుధ సంగతి. అప్పుడు తొమ్మిదో తరగతి. ఉచ్చీరప్ప, దేవమ్మల ఒక్కతే కూతురు. ఊరి చివర రేకుల గుడిసె. ఆరో తరగతి నుంచి ఏ ఏడాదీ ఆ పిల్ల అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేదు, ఆ రోజుల్లో గుంటూరు చేలల్లో ఉండేది. తిరిగొచ్చేసరికి పాఠాలు అయిపోయేవి. ఏప్రిల్లో నా ముందు కూర్చుని పద్యం ముఖం చూసి భయపడేది. మనిషి ఉన్నట్టు కూడా తెలిసేది కాదు, హాజరు పిలిస్తే పక్కపిల్ల పలకాల్సిందే.

అయితే ఎంత వేగంగా వచ్చిన బంతైనా ఆ పిల్ల కర్రకు తగిలితే అక్కడే ఆగిపోయేది. ఉరుకుందు సారు దాన్ని చూసి రెండు రోజులు మాట్లాడలేదు. అంత సంతోషం.

ఆగస్టులో ఆయన ఉచ్చీరప్పను కలవడానికి పోతూ, ఆడపిల్ల ఇల్లు కదా అని నన్నూ తీసుకుపోయాడు. నవంబరు మొదట్లో ఆదోనిలో పోటీలు జరుగుతాయని, అక్కడ జిల్లా జట్టుకు పేర్లు రాసుకుంటారని, పేరొచ్చిన పిల్లలకు కర్నూలులో హాస్టల్లో సీటిస్తారని, తిండి, చదువు, ఆట అన్నీ అక్కడేనని చెప్పాడు. ఉచ్చీరప్ప అంతా విని ఒకే మాట అన్నాడు.

"పేరొస్తే ఇడిసిపోతా సార్. రాకుంటే తోలుకపోతా. ఆడపిల్లను ఒంటిగా ఈ గుడిసెలో యాడ పెట్టేది?"

కాదనడానికి ఏముంది. ఆ రోజు నుంచి మాకు హాకీ అంటే సుధ బడి. పేరు వస్తే బడి, రాకపోతే లారీ.

ఉరుకుందు సారు తనకు తెలిసిన పద్ధతిలోనే సుధను నడిమి సాలులో పెట్టాడు. కుడి పక్క రూప, పదో తరగతి, జట్టు కెప్టెను, కాళ్ళ కంటే నోరు వేగం. ఎడమ పక్క మహాదేవి, గట్టి పిల్ల, బంతిని కొడితే వెతుక్కోవడానికి ఇద్దరు పోవాలి. పక్క బళ్ళతో మూడు ఆటలు ఆడారు, మూడూ గెలిచారు. హెడ్మాస్టరు ఎప్పుడూ లేనిది బిస్కెట్లు పంచాడు. ఉరుకుందు సారు బుడ్డలు కూడా ఆ నెలంతా ఒకే వరసలో కదలకుండా ఉన్నాయి. నేను కూడా నోరు కట్టుకున్నాను.

మూడో ఆట నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ ముగ్గురూ నా ఎదురుగా కూర్చున్నారు. రూప మోకాళ్ళ నిండా ఎర్రమట్టి. మహాదేవి చొక్కా ఏ రంగుదో చెప్పలేము. నడుమ సుధ చొక్కా తెల్లగా, మడతపెట్టిన గీత కూడా చెరగకుండా ఉంది. నాకు హాకీ తెలియదు గాని బట్టలుతకడం తెలుసు. మర్నాడు స్టాఫ్‌రూములో నోరు ఊరుకోక అన్నాను, "మీ సెంటర్ ఫార్వర్డు వాళ్ళమ్మకు సబ్బు ఖర్చు లేదండీ సార్" అని.

ఆయన తల ఎత్తాడు. ఏమన్నారని మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత బుడ్డల వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. గంట కొట్టినా లేవలేదు. ఆ సాయంత్రం ఆటను నేను కూడా మొదటిసారి సరిగ్గా చూశాను. సుధ బంతిని ఆపేది. ఆపగానే రూప ఒక పక్క నుంచి వచ్చి తీసుకుపోయేది, రూప రాకపోతే మహాదేవి వచ్చేది. పాపం, వాళ్ళ తప్పేం లేదు. చిన్నది, కష్టపడుతుందని ప్రేమగానే తీసుకునేవాళ్ళు. సుధ కూడా కర్ర పక్కకు జరిపి దారి ఇచ్చేది. ఆ పిల్ల సాలు వాళ్ళే తీస్తున్నారు.

మోపెడు స్టాండు దగ్గర ఆయన నాకు చెప్పాడు. "నేను మూడేండ్లు సుగ్గికి పోయినాను మేడం. ఇప్పటికీ నాకు పత్తి తీసేది రాదు. అటు మాయమ్మ, ఇటు మా సిన్నమ్మ, నా సాలు అంతా వాళ్ళే తీస్తాండిరి. నేను మూడో ఏడు సివర్లో రొంత నేర్సుకుంటి. ఎందుకంటే అప్పుడు నా పక్కన మా సెల్లెల్ని పెట్టినారు."

తప్పు ఎక్కడుందో దొరికింది. ఇరవై ఏళ్ళుగా కొత్త పిల్లలందరినీ ఆయన అలాగే పెట్టాడు. వాళ్ళలో ఎంతమంది అలా తెల్లచొక్కాలతో బడి దాటిపోయారో అని ఆయన లెక్కపెట్టుకుంటున్నాడని నాకు అర్థమై, సబ్బు మాట ఎందుకన్నానా అని బాధపడ్డాను.

మర్నాడు బల్ల మీద ఎడమ పక్క పెద్ద కాయ పోయి చిన్న ఒంటిగింజ కాయ వచ్చింది. అది నాగవేణి. ఏడో తరగతి, మా మధ్యాహ్న భోజనం వండే హనుమంతమ్మ కూతురు. చేతిలో కర్ర ఆ పిల్ల కంటే బరువు. మహాదేవిని వెనక వరసకు మార్చాడు. రూపను కుడి పక్కనే ఉంచి, గ్రౌండు మీద సున్నంతో ఒక గీత గీసి, ఆ గీత దాటి నడిమిలోకి వస్తే బయట కూర్చోబెడతానన్నాడు.

రూప కర్ర కింద పడేసింది. తాము ఆడుకోవాలా, పసిపిల్లలను ఆడించాలా అని అడిగింది. మహాదేవి అడగలేదు, ఏడ్చింది. పోటీలకు ఇంకా ఇరవై రోజులుంది. ఆ ఇరవై రోజుల్లో రెండు ఆటలు ఆడాము, రెండూ ఓడాము. ఎమ్మిగనూరు జట్టు మీద నాలుగు గోల్సు తేడాతో. హెడ్మాస్టరు బిస్కెట్లు ఆపేశాడు. నాగవేణికి బంతి వస్తే పడిపోయేది, సుధ రెండు వైపులా చూస్తూ నిలబడేది, రూప గీత అవతల నిలబడి పళ్ళు కొరికేది.

నాకూ కోపం వచ్చింది. నేరుగానే అడిగాను, ఒక పిల్ల బతుకు మీద ఇప్పుడా మీ ప్రయోగాలు, పోటీలయ్యాక చేసుకోకూడదా అని. ఆయన సున్నం చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"పాత సాలుతో పోతే గెలుస్తాము మేడం. పేర్లు రూపవీ మహాదేవివీ వస్తాయి. సుధ పేరు ఎవురు రాస్తారు? ఆ పాప ఏం చేసిందని రాస్తారు?"

ఆ మాట నిజమేననిపించింది. కోపం మాత్రం పోలేదు.

పోటీల రోజు హనుమంతమ్మ చిత్రాన్నం డబ్బా మోసుకుని మాతో ఆదోనికి వచ్చింది. ఉచ్చీరప్ప మాకంటే ముందే గ్రౌండు దగ్గర ఉన్నాడు. చంకలో ఒక సంచి. లారీ గురువారం అని, ఆ రోజు మంగళవారమని నాకు తెలుసు. సంచిలో సుధ బట్టలే ఉంటాయని అనుకున్నాను. టెంటు కింద కర్నూలు నుంచి వచ్చిన ముగ్గురు, కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

మా వంతు ఎమ్మిగనూరు జట్టుతోనే పడింది. పుట్టిల్లు కదా, ఎవరి వైపు చప్పట్లు కొడతావని హనుమంతమ్మ నన్ను ఆటపట్టించింది. సగం ఆటకు ఒక గోలు వెనకబడ్డాము. సుధ మూడుసార్లు బంతి ఆపింది, మూడుసార్లూ పక్కకు చూసింది, అటు నుంచి ఎవరూ రాలేదు. విరామంలో రూప ఉరుకుందు సారు చెయ్యి పట్టుకుంది. "ఒక్క పది నిమిషాలు పాత సాలు పెట్టండి సార్. గెలిపిస్తా" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. గెలిపించేదే. హెడ్మాస్టరు దూరం నుంచి చేతులు ఊపుతున్నాడు. ఉరుకుందు సారు రూప తల నిమిరి, గీత గుర్తుందా అని మాత్రం అడిగాడు.

ఆట మళ్ళీ మొదలైన కాసేపటికి బంతి నాగవేణి దగ్గరికి పోయింది. అవతలి నుంచి ఒక పొడుగు పిల్ల దూసుకొచ్చింది. నాగవేణి భయపడి కాలు జారి బోర్లా పడింది. అప్పుడు గ్రౌండు మధ్య నుంచి నాకు తెలియని గొంతు ఒకటి వినిపించింది.

"నాగవేణీ, లెయ్యి. నా ఎనక రావద్దు. ఆడ పో, ఆ మూలన నిలబడు."

సుధ గొంతు. నాలుగేళ్ళుగా హాజరు కూడా పలకని పిల్ల. తనే అడ్డంగా పరిగెత్తి ఆ పొడుగు పిల్ల ముందు మోకాళ్ళ మీద జారి బంతి లాక్కుంది. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, మళ్ళీ పడింది, లేచింది. గోలు ముందు తనే కొట్టొచ్చు. కొట్టలేదు. మూలన చెప్పినచోట నిలబడిన నాగవేణికి ఇచ్చింది. నాగవేణి కళ్ళు మూసుకుని కొట్టింది. బంతి దొర్లుకుంటూ, నేను నడిచి పట్టుకోగలిగినంత నెమ్మదిగా, గోలులోకి పోయింది. నేను లేచి గంతులేశానని హనుమంతమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నాకు గుర్తులేదు.

ఆట మాత్రం ఓడాము. చివర్లో వాళ్ళు ఇంకో గోలు వేశారు.

మధ్యాహ్నం పేర్లు చదివారు. పద్దెనిమిది మంది. నాలుగో పేరు రూప. పదకొండో పేరు మహాదేవి, వెనక వరసలో ఆడినందుకు. ఆ పిల్లకే నమ్మకం కుదరక రెండుసార్లు అడిగింది. పద్దెనిమిదీ అయిపోయాయి. కాగితం మడవబోతూ, స్టాండ్‌బై ఇద్దరు అన్నారు. అందులో మొదటిది సుధ.

ఉచ్చీరప్ప మా దగ్గరికి వచ్చి, పేరొచ్చినట్టా రానట్టా అని అడిగాడు. ఆ ఒక్కసారికి ఉరుకుందు సారు వచ్చినట్టే అంటే బాగుండునని నేను మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తారని, ఇప్పటికైతే హాస్టల్లో సీటు లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఆయనను అక్కడే నిలబెట్టి తిట్టాలనిపించింది.

ఉచ్చీరప్ప గట్టు మీద కూర్చున్నాడు. సుధ వచ్చి ఎదురుగా నిలబడింది. తల నుంచి కాలి దాకా ఎర్రమట్టి, మోకాలి మీద నెత్తురు. తండ్రి ఆ మట్టిని చేత్తో దులిపి చూశాడు, పోలేదు.

"నీ సాలు నువ్వు పట్టుకోని, ఆ సిన్నపాప సాలు కూడా తీసినావు గదమ్మా" అన్నాడు.

ఆయన మా వైపు తిరిగాడు. "నేను సూసినా సార్. మూడేండ్లుగా ఆడ దీని సాలు నేనూ మా దేవమ్మే తీస్తాండాము. మాతో వస్తే మల్లా మేమే తీస్తాము. ఇడిసిపోదామంటే తావు లేదు."

హనుమంతమ్మ చిత్రాన్నం డబ్బా మూత పెడుతూ, ఎవరినీ చూడకుండా అంది. "మా ఇంట్లో పండుకుంటాదిలేన్నా. నాకూ నాగవేణికీ తోడు. ఉగాది దంకా ఏముంది."

ఉచ్చీరప్ప సంచి మూతి విప్పాడు. అందులో సుధ బట్టలు ఉన్నాయి, వాటి మీద కొత్త గుడ్డతో కుట్టిన ఒడి ఉంది. పత్తి తీసేటప్పుడు నడుముకు కట్టుకునేది. కూతురి కొలతకు దేవమ్మ కుట్టింది, నాడాలు చిన్నగా ఉన్నాయి. దాన్ని బయటికి తీసి నాలుగు మడతలు పెట్టి తన చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన సంచి కూతురి చేతికిచ్చాడు.

"దీనికి మీయమ్మ నాడా అతుకేసుకుంటాదిలే" అన్నాడు.

నేను ఏడ్చాను. ఉరుకుందు సారు ఆ సాయంత్రం ఊరు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన సంగతి తెలుసు కాబట్టి నేనూ పలకరించలేదు.

గురువారం లారీ పోయింది. ఆ ఏడాది సుధ అర్ధ సంవత్సర పరీక్షలు రాసింది. నా పేపరులో ముప్ఫై ఎనిమిది వచ్చాయి, అందులో జాలి మార్కు ఒక్కటి కూడా లేదు. కర్నూలు నుంచి పిలుపు ఇంకా రాలేదు. వస్తుందని ఉరుకుందు సారు అంటాడు, రాకపోయినా ఫరవాలేదని నేనంటాను.

పరీక్షలైన మర్నాడు స్టాఫ్‌రూములో బల్ల దగ్గరికి పోతే కాయలు మళ్ళీ మారి ఉన్నాయి. రూప, మహాదేవి కర్నూలు పోయారు కదా, ఒంటిగింజ కాయను కుడి పక్కకు జరిపాడు, దాని అవతల ఇంకా చిన్నది, ఆరో తరగతి పిల్ల ఒకటి వచ్చింది. సుధను తీసి ఎక్కడో ఎడమ అంచున పెట్టాడు. ఇంత కష్టపడి కుదిరిన జోడీని ఎందుకు విడదీశారని నేను పోట్లాటకు దిగాను. ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు, ఒకే దుప్పట్లో పడుకుంటున్నారు, ఇంకేం కావాలి మీకు అన్నాను.

"అదే మేడం" అన్నాడు ఉరుకుందు సారు, కాయను ఇంకొంచెం జరుపుతూ. "నిన్న సూసినా. నాగవేణి చొక్కా తెల్లగా ఉండాది."